ఏదో ఒకటి పెట్టండి

అరవై తెలుగు సంవత్సరాల్లో శార్వరి అనే పేరు గలది ఒకటుంది. శార్వరి అంటే రాత్రి. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో గాని, 2020 మార్చి 25వ తేదీన, ఉగాదినాడు, ఆ సంవత్సరం మన గడపలో అడుగుపెట్టిన తీరు పేరుకు తగినట్టే ఉంది. సరిగ్గా ఆనాడే దేశమంతటా తలుపులు మూశారు. మొదట ఇరవైయొక్క రోజులన్నారు. తర్వాత మే 3 అన్నారు, మే 17 అన్నారు, మే 31 అన్నారు. గుడిలో పంచాంగశ్రవణం లేదు. ఇంట్లో కొత్తబట్టల మాట లేదు. మా ఉగాది పచ్చడిలో తక్కిన ఐదు రుచులకూ ఏదో ఒక లోటు వచ్చింది గాని, చేదుకు మాత్రం ఏ లోటూ రాలేదు.

తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనుక నా దృష్టి ముందు మాటల మీదికి పోతుంది. ‘క్వారంటైన్’ అనే మాట ఆ రోజుల్లో మా వీధిలో పాలు పోసే ఆమెకు కూడా నోటికి వచ్చేసింది. దాని మూలం ఇటలీవారి భాషలో నలభై అనే సంఖ్య. పూర్వం ప్లేగు భయంతో వెనిస్ రేవులో ఓడలను నలభై రోజులపాటు ఒడ్డుకు రానివ్వకుండా ఆపేవారు. మనకూ ఆ లెక్క కొత్తది కాదు. మండలదీక్ష అంటాం. అయితే దీక్షలో మనిషి తనంతట తాను కొన్నిటిని వదులుకుంటాడు. ఇక్కడ ఒక్కొక్కటే మనిషిని వదిలిపోయాయి. మొదట కాలేజీ పోయింది, తర్వాత బజారు పోయింది, తర్వాత పక్కింటి అరుగు పోయింది. చివరకు నాలుగు గోడలూ, ఐదుగురు మనుషులమూ, ఒక టీవీ మిగిలాం.

ఐదోమనిషి మా అమ్మ. ఆమె కడపలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆ ఏడు శివరాత్రికి శ్రీశైలం చూసుకొని, కర్నూల్లో మా దగ్గర పదిరోజులుండి పోదామని వచ్చింది. పదిరోజులు నాలుగు నెలలయ్యాయి. కర్నూలు జిల్లాలో రోగం గట్టిగా పట్టింది. మే 1వ తేదీన కేంద్రంవారు జిల్లాలకు రంగులు వేసినప్పుడు మాకు ఎరుపు వచ్చింది, కడపకు నారింజ వచ్చింది. మా వీధి చివర అంతకు ముందే సర్వేకట్టెలు అడ్డంగా కట్టారు. కూరగాయలూ మందులూ వార్డు వాలంటీర్లు తెచ్చి ఇచ్చేవారు. కట్టెల అవతలికి పోవడానికి లేదు.

అటువంటి రోజుల్లో మా ఇంట్లో అన్నిటికంటె పెద్ద చిక్కు ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. రాత్రి ఏడున్నర అయ్యేసరికి, ‘ఈ పూట ఏ సినిమా?’ అన్నది.

ఇదీ ఒక చిక్కేనా అనకండి. మా చిన్నప్పుడు సినిమాను మనం ఎన్నుకునేవాళ్ళం కాదు. థియేటరులో ఏది ఆడుతూ ఉంటే దానికే పోయేవాళ్ళం. అంతకు ముందు తరానికి ఆ మాత్రం కూడా లేదు. టూరింగు టాకీసువాడు డేరా వేస్తే, వాడు తెచ్చిన బొమ్మే బొమ్మ. బాగుంటే రెండుసార్లు చూడటం, బాగలేకుంటే తిట్టుకుంటూ చూడటం. 2020 నాటికి ఆ భాగ్యం పోయింది. తెలుగు సినిమాలకోసమే ‘ఆహా’ అనే ఒక కొత్త దుకాణం సరిగ్గా ఆ ఉగాదినాడే తెరిచారు. అవిగాక ఇంకా నాలుగైదు దుకాణాలు, వాటిపైన యూట్యూబు. వేలకొలది బొమ్మలు వరుసగా పేర్చిపెట్టి, ఏది కావాలో చెప్పమంటాయి. చెప్పడమే కష్టం. మా ఇంట్లో ఎన్నుకోవడానికి పట్టిన సేపు కొన్నాళ్ళు సినిమా నిడివిని మించిపోయేది.

పైగా ఇంధనం తక్కువ. మాకు తీగమీద వచ్చే ఇంటర్నెట్టు లేదు. ఫోనుకు రోజుకు ఒకటిన్నర జీబీ. పగలు మా అమ్మాయి ఇంటరు పాఠాలకు కొంత, నేను డిగ్రీ పిల్లలకు ప్రబంధాలు చెప్పడానికి కొంత ఖర్చయ్యేది. నల్లటి గళ్ళలో పేర్లు మాత్రం కనిపించేవి. ఆ పేర్ల వెనుక వింటున్నవారెవరో, కునుకు తీస్తున్నవారెవరో ఆ పెద్దనగారికే ఎరుక. సాయంత్రానికి అందరి ఫోన్లలో మిగిలినదంతా కూడబెడితే ఒక్క సినిమాకు సరిపోయేది. అంటే రోజుకు ఒక్కటే. అందుకే ఎన్నిక అంత ముఖ్యమైంది.

అభ్యర్థులను మనవి చేస్తాను. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వాడికి ‘కంటేజియన్’ కావాలి. స్టీవెన్ సోడర్‌బర్గ్ 2011లో తీసిన ఇంగ్లీషు చిత్రం. గబ్బిలం నుంచి పందికి, పంది నుంచి మనిషికి ఒక రోగం అంటి, చేతులనుంచి చేతులకు లోకమంతా పాకడం అందులోని కథ. 2020లో దేశదేశాల జనం దాన్ని వెతుక్కొని మళ్ళీ చూశారు. మా శ్రీమతి మాట వేరు. “వీధి చివర కట్టెలు కట్టింది చాలలేదా, ఇంట్లోకి కూడా ఎందుకు ఆ రోగం? జంధ్యాల సినిమా ఏదన్నా పెట్టండి,” అంటుంది. మా అమ్మాయికి కొరియా దేశపు పిచ్చి పట్టింది. ఆ ఫిబ్రవరిలోనే ఆస్కారు గెలిచిన ‘పారాసైట్’ చూడకపోతే మేము మనుషులమే కామన్నది. నేను ‘పాతాళభైరవి’ అన్నాను. పింగళి నాగేంద్రరావుగారి మాటలకోసం నేను ఆ సినిమాను ఎన్నిసార్లయినా చూడగలను.

ఐదో ఓటు మా అమ్మది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. “ఏదో ఒకటి పెట్టండి నాయనా. నాకేముండాది?”

వంతులు వేసుకున్నాం. మొదటి వారం అబ్బాయి వంతున ‘కంటేజియన్’ చూశాం. మనిషి చెయ్యి తెలియకుండా ఎన్నిసార్లు ముఖం మీదికి పోతుందో అందులో చెబుతారు. ఆ రాత్రి నుంచి మూడు రోజులు మేము ఒకరి చేతులను ఒకరం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. నేను ముక్కు గోక్కుంటే చాలు, “నాన్నా, ఐదు!” అని అరుపు. భయపడే విషయాన్నే ఎందుకు చూడాలన్న మా శ్రీమతి ప్రశ్నకు వాడిచ్చిన జవాబు నాకు బాగుందనిపించింది: “బయటిది ఎప్పుడు అయిపోతుందో తెలీదు. ఇది రెండు గంటల్లో అయిపోతుంది.”

మర్నాడు ‘అహ నా పెళ్ళంట’. 1987లో జంధ్యాల తీసినది. పిసినారి కోటశ్రీనివాసరావు కోడిని చూరుకు వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు గదా, ఆ ఘట్టం రాగానే ఇల్లంతా ఘొల్లుమంది. ఆ పూట మా కంచాల్లో ఉన్నవీ వట్టి అన్నం, చెనిక్కాయల పొడి. మాకు మాంసం దొరికి మూడు వారాలైంది.

ఇంకొక సాయంత్రం ‘ఒక్కడు’ పెట్టారు. 2003 సంక్రాంతికి వచ్చిన గుణశేఖర్ చిత్రం. అందులో మా కొండారెడ్డి బురుజు దగ్గర జరిగే గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. మా డాబా ఎక్కితే ఆ బురుజు తల కనిపిస్తుంది. నడిచిపోతే ఇరవై నిమిషాలు. ఆ సాయంత్రం తెరమీది బురుజు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. సినిమా మధ్యలో డాబా మీదికి పోయి చూశాను. నిజం బురుజు దగ్గర ఒక్క దీపం, నరమానవుడు లేడు. ఎవరో తీసిన కథలో మా ఊరు సందడిగా ఉంది. మా ఊళ్ళో మాత్రం లేదు. సొంత ఊరిమీద బెంగ పెట్టుకోవడానికి పరదేశం పోనక్కరలేదని ఆనాడు తెలిసింది.

కిందికి వచ్చేసరికి మా అమ్మ గొణుగుతోంది. “మన సీమంటే కత్తులు, బాంబులు తప్ప ఇంకేం కనపడదా వీళ్ళకు?”

ఆమె కోపంలో న్యాయముంది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చి విజయవంతమైన తర్వాత, కర్నూలు కడప పేర్లు చెబితే చాలు, సుమోలు గాలిలోకి లేవడం అలవాటైపోయింది. గొడవలు మా వైపు లేవని నేననను. కాని తెలుగు సినిమాకు నునుపు నేర్పిన చేతులు కొన్ని ఈ ఎండిన నేలవే. బి.ఎన్. రెడ్డిగారు పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టారు. ‘విజయా’ నాగిరెడ్డిగారు ఆయన తమ్ముడే. ఒక ఇంటి అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే పురస్కారం వచ్చింది, ఒకరికి 1974కు, ఒకరికి 1986కు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిగారిది పొరుగున ఉన్న తాడిపత్రి. ‘పాతాళభైరవి’లో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు, అంటే పద్మనాభం, పులివెందుల పక్కన సింహాద్రిపురం వాడు. మా అమ్మ పుట్టినిల్లు ఆ చుట్టుపక్కల పల్లె. ఈ పేర్లన్నీ ఆమెకు చుట్టాల పేర్లంత దగ్గర.

గోడ అవతలి పెద్దాయన కూడా మాకు ఒక సలహా ఇచ్చారు. ఎన్టీఆర్ 1984లో తీసిన వీరబ్రహ్మంగారి చరిత్ర చూడమని. ఈ రోగం సంగతి కాలజ్ఞానంలో ముందే ఉందని ఒక పద్యం ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగింది. బ్రహ్మంగారి మఠం మా కడప జిల్లాలోనిదే, కాలజ్ఞానం రాశారని చెప్పే రవ్వలకొండ బనగానపల్లెలోనిదే గనుక, మా వైపు ఆ మాటకు బరువెక్కువ. నాకా మహనీయుడంటే గౌరవం. కాని ప్రతి ఉపద్రవం తర్వాతా అటువంటి పద్యం ఒకటి కొత్తగా పుట్టి, పాతవాటి నడుమ చోటు చూసుకొని కూర్చోవడం సాహిత్యం చదువుకున్నవాళ్ళకు తెలిసిన సంగతే. జనం దాన్ని నమ్మడానికి కారణం తాళపత్రం కాదు. ఎవరో ఒకరికి ఇదంతా ముందే తెలుసు, ఇది ఎక్కడో ఒకచోట రాసి ఉంది అనుకుంటే రాత్రి కొంచెం నిద్ర పడుతుంది. సినిమా కూడా ఒక్కొక్కసారి ఆ పనే చేస్తుంది. కథ తెలిసిన పాత సినిమానే మళ్ళీ మళ్ళీ చూడటంలోని సుఖం అదే. దూరదర్శన్‌వారు మార్చి 28 నుంచి రామానందసాగర్ ‘రామాయణ్’ మళ్ళీ వేస్తే, హిందీ ముక్క రాని మా అమ్మ ఉదయమూ రాత్రీ చూసింది. చూడటమే కాదు, మాకు అర్థం చెప్పేది.

ఇంతలో ఏప్రిల్ మూడోవారం వచ్చింది.

మా అమ్మకు ఒక అక్క ఉండేది. మా పెద్దమ్మ. మైదుకూరు దగ్గర కాలవ కింది పల్లెలో కాపురం. కాలవంటే మా కె.సి. కాలవే. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి కడపదాకా పోతుంది. పేరులోనే రెండూళ్ళూ ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోనులో మాట్లాడుకునేవాళ్ళు. పెద్దమ్మకు చెవుడు. మా అమ్మ మాట్లాడుతుంటే, ఫోను అనవసరం, మైదుకూరుకు నేరుగానే వినిపిస్తుందని పిల్లలు నవ్వేవాళ్ళు. ఒక తెల్లవారుజామున పెద్దమ్మ నిద్రలోనే పోయింది. ఈ రోగం కాదు. డెబ్బైనాలుగేళ్ళ గుండె, అంతే.

మైదుకూరు మాకు నాలుగు గంటల దారి. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, అవతల మైదుకూరు. ఏ బస్సయినా దించేది. కాని ఆ రోజుల్లో జిల్లా దాటాలంటే పాసు కావాలి, మా వీధి వాళ్ళకు పాసు లేదు. అంత్యక్రియలకు ఇరవైమందికి మించకూడదని నియమం. మా తమ్ముడు కడపనుంచి పోయి ఆ ఇరవైమందిలో ఒకడుగా నిలబడ్డాడు. వాడు ఫోనులో చూపిస్తానంటే మా అమ్మ వద్దంది. “ఆ ముఖాన్ని ఈ అద్దంలో నేను చూడను,” అన్నది. ఏడవలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. “కట్టెలు కట్టినోళ్ళ తప్పేముండాది? అందరికీ మాదిరే మనకూ,” అన్నది. ఆరింటికి మాత్రం అలవాటుకొద్దీ ఫోను తీసి ఒళ్ళో పెట్టుకునేది.

దినాలు అయ్యేదాకా టీవీ పెట్టలేదు. వంతుల సంగతి పిల్లలు కూడా ఎత్తలేదు. పదకొండోనాటి సాయంత్రం మా అమ్మ తలస్నానం చేసి వచ్చి కూర్చుంది. అప్పుడు మా శ్రీమతి ఆమె పక్కన చేరి అడిగింది. “అత్తమ్మా, ఈరోజు మీ వంతు. ఏదో ఒకటి అంటే ఒప్పుకోను. మీకు ఏది చూడాలనుందో అది చెప్పండి.”

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పిల్లలు ఏదో అనబోతే మా శ్రీమతి కళ్ళతో వారించింది. తర్వాత, చిన్నపిల్ల అడిగినట్టు, “అందులో మల్లీశ్వరి ఉంటాదా?” అన్నది.

ఉంది. బి.ఎన్. రెడ్డిగారు 1951లో తీసిన బొమ్మ. భానుమతి, రామారావు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకు మొదటిసారి పాటలు రాసింది దీనికే. నేను క్లాసులో ఆ పాటల సంగతి ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి. ఆ రాత్రి నేను ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పినదంతా మా అమ్మే.

“ఇది మేము సింహాద్రిపురం డేరాలో చూసినాము. నాకు పదమూడో పద్నాలుగో. అక్క నాకంటె నాలుగేండ్లు పెద్ద. ఊర్నుంచి నడిచి పోయినాము. ఆడోళ్ళకు ఒకపక్క, మొగోళ్ళకు ఒకపక్క, మధ్యలో పరదా. నేల టికెట్టు. చెనిక్కాయలు వొళ్ళో పోసుకోని కూర్చుంటిమి. మిషను ఒకటే గదా, రీలు అయిపోతే దీపం ఏసేవాళ్ళు. అప్పుడు కాయలు వొలుచుకునేది.”

కథ మీకు తెలుసు. బావామరదళ్ళు నాగరాజు, మల్లి. వానరాత్రి సత్రంలో మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దనల ముందు మల్లి ఆడిపాడుతుంది. సంబరంలో నాగరాజు, రాయలవారితో చెప్పి మల్లికి పల్లకి పంపించమని నోరు జారుతాడు. కొన్నాళ్ళకు నిజంగానే పల్లకి వస్తుంది. రాణివాసంలోకి పోయిన పిల్ల మళ్ళీ బయటికి రావడానికి లేదు.

పల్లకి వచ్చే ఘట్టం దగ్గర మా అమ్మ చెయ్యెత్తింది. మా అబ్బాయి బొమ్మ ఆపాడు.

“సరిగ్గా ఈడనే రీలు మార్చినారు. దీపం ఏసినారు. చూస్తే అక్క ఏడుస్తాండాది. ఏమైందక్కా అంటి. అప్పటికి దానికి సంబంధం కుదిరిపోయింది, మైదుకూరు పక్క. ‘నన్ను కూడా ఇట్టనే తీసకపోతారు గదే’ అనె. ‘నువ్వేం ఏడవద్దు, నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా, బండి లేకుంటే నడిచైనా వస్తా’ అంటి.” కొంచెంసేపు ఆగింది. “దాని కాన్పులకు పోతి. దాని మొగుడు పోయినప్పుడు పోతి. మోకాలికి ఆపరేషనైతే నెలరోజులు ఉండి వస్తి. ఈ ఒక్కసారే నడిచి పోలేకపోతి.”

అప్పుడు ఏడ్చింది. పదకొండు రోజుల తర్వాత, మొదటిసారి. మా శ్రీమతి ఆమె భుజం పట్టుకుంది. మా అమ్మాయి చేతిలో ఫోను పక్కన పెట్టింది. పెద్దమ్మ ఎట్లా నవ్వేదో, కాలవకు మొదటి నీళ్ళు వచ్చిననాడు చెల్లెలికి కార్డు ఎట్లా రాయించేదో, ఆమె చేతి జొన్నరొట్టె ఎంత పలచగా ఉండేదో, ఆ రాత్రి మా పిల్లలు విన్నారు. వాళ్ళకు అంతవరకూ ఆమె ఫోనులో వినిపించే ఒక అరుపు మాత్రమే.

అరగంట తర్వాత అమ్మే, “ఇంక పెట్టురా,” అన్నది. మల్లి రాణివాసంలో గోడలు చూస్తూ కూర్చుంది. మా అబ్బాయి మెల్లగా, “అవ్వా, ఇది కూడా కంటైన్మెంట్ జోనే గదా!” అన్నాడు. అమ్మ కన్నీళ్ళమధ్య పక్కున నవ్వింది. చివర రాయలవారు ఇద్దరినీ క్షమించి పంపిస్తే, “రాజు మంచోడు కాబట్టి సరిపాయె,” అని తీర్పు చెప్పి లేచి, నాలుగు ముద్దలు అన్నం తిని పడుకుంది. అన్ని రోజుల్లో ఆమె కడుపునిండా తిన్నది ఆ పూటే.

మా వీధి కట్టెలు జూన్‌లో విప్పారు. ఆ నెలలోనే ఆమెను మైదుకూరు మీదుగా కడపకు తీసుకుపోయాను. థియేటర్లు తెరవడానికి అక్టోబరు 15 నుంచి అనుమతి ఇచ్చారు, అదీ సగం కుర్చీలకే. ఇప్పుడవన్నీ పాత సంగతులు. జనం మళ్ళీ వరుసల్లో నిలబడుతున్నారు, ఈలలు వేస్తున్నారు. అయినా ఆదివారం రాత్రి మా ఇంట్లో ఆనాటి వంతుల పద్ధతి మాత్రం పోలేదు. ఒక చిన్న సవరణ చేసుకున్నాం. ఆ వారం ఎవరి మనసు బాగాలేదో వంతు వారిది. పరీక్ష చెడగొట్టుకున్నవాడు ఎన్నుకుంటే కార్ల పందాలైనా సరే, అందరమూ కూర్చొని చూడవలసిందే.

సినిమా మనల్ని మరిపించడానికే అంటారు. కావచ్చు. కాని తలుపులు మూసి ఉన్న ఇంట్లో, పోవలసినచోటికి పోలేకపోయిన మనిషిని అది మూడు గంటలసేపు అక్కడికి తీసుకుపోగలదని కూడా నేను చూశాను. ఏ సినిమా ఎవరిని ఎక్కడికి తీసుకుపోతుందో దుకాణంవాడి జాబితాలో ఉండదు. ఇంట్లోవాళ్ళు అడిగి తెలుసుకోవలసిందే.

మీ ఇంట్లోనూ “ఏదో ఒకటి పెట్టండి” అనేవారు ఒకరుంటారు. వారిని ఇంకొకసారి అడగండి. అడిగి, కొంచెంసేపు ఆగండి.